వాన రాకపోతే దేవుని కోపమేనా?



వాన ముఖం చాటేసిన ఏడు మన పల్లెల్లో ఒక మాట తప్పక వినబడుతుంది. "ఎవరి పాపమో ఇది!" అంటారు. నాగల్‌గిద్ద మొదలు నారాయణఖేడ్ దాకా, ఇటు కర్ణాటక సరిహద్దు ఊళ్ల దాకా, ఎక్కువమంది ఆకాశాన్ని నమ్ముకుని సేద్యం చేసే నేల ఇది. ఇక్కడి రచ్చకట్ట మీద తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ వినబడతాయి. కానీ ఈ మాటకు మాత్రం అనువాదం అక్కరలేదు. జొన్న గింజ పాలు పోసుకోకముందే వాడిపోతే, కంది పూత రాలిపోతే, మగ్గురు మగవాళ్లున్న ఇల్లు కూడా తాళం వేసి చెరకు నరకడానికి వలస పోతే, అందరి నోటా అదే మాట. దేవునికి కోపం వచ్చింది. గుడికి వెళ్లేవారూ అంటారు, మసీదుకు వెళ్లేవారూ అంటారు, ఆదివారం దివ్యబలిపూజకు వచ్చే మనమూ అంటాము.

ఆ మాటలో భక్తి ఉన్నట్టు కనబడుతుంది. కానీ అది అక్కడితో ఆగదు. దేవునికి కోపం వచ్చిందంటే ఎవరో ఒకరు తెప్పించి ఉండాలి కదా! ఇక ఆ ఒక్కరి కోసం వెతుకులాట మొదలవుతుంది. పాత మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి పేరు చెప్పి ఒంటరి ముసలమ్మలను, నోరులేని పేదలను పట్టి కొట్టిన సంగతులు, పళ్లు ఊడగొట్టిన సంగతులు, చివరకు ప్రాణాలు తీసిన సంగతులు పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు? అంత దూరం పోని చోట కూడా, పంట పోయిన ఇంటి ముందు నిలబడి "వాళ్లు తపస్సు కాలంలో కూడా గుడి మెట్లు ఎక్కలేదు లెండి" అనే నోళ్లు మన విచారణల్లో లేవా? అందుకే ఈ వారం ఈ ప్రశ్నను కాస్త నిదానంగా చూద్దాము. కష్టంలో పడినవాడిని దేవుడు ఏ కన్నుతో చూస్తాడు?

ఈ ప్రశ్నతో ఇరవై ఏళ్లు వేగిన ఒక స్త్రీ ఉన్నది. ఇంగ్లండు దేశంలో నార్విచ్ పట్టణంలో, ఆరువందల ఏళ్లకు పూర్వం జీవించింది. ఆమె అసలు పేరు చరిత్రకు అందలేదు. పునీత జూలియన్ పేర ఉన్న దేవాలయాన్ని ఆనుకుని నివసించింది గనుక లోకం ఆమెను నార్విచ్ జూలియానా అని పిలిచింది. మన వరుసలో జూలియానమ్మ అందాము. ఆంగ్లభాషలో పుస్తకం వ్రాసినట్టు మనకు తెలిసిన మొదటి స్త్రీ ఆమెయే. ఆ పుస్తకం దైవప్రేమను గురించినది. శ్రీసభ ఆమెను అధికారికంగా పునీతురాలిగా ప్రకటించలేదు. అయినా 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 313వ సంఖ్యలో ఆమె మాటను ఉదహరించింది. 2010 డిసెంబరు 1న పదహారవ బెనెడిక్టు పాపుగారు బుధవారపు సభలో ఆమెను గురించే ప్రసంగించారు.

ప్రేమను గురించి వ్రాసింది అంటే సుఖంగా బ్రతికిన మనిషి అనుకోకండి. ఆమె పుట్టుక 1342 చివర. ఆరేళ్ల పసిపిల్లగా ఉన్నప్పుడు, 1349లో, నార్విచ్ పట్టణానికి మహామారి ప్లేగు వచ్చింది. యూరపు ఖండంలో మూడోవంతుకు తక్కువ కాకుండా జనాన్ని తుడిచిపెట్టిన మహామారి అది. 1361లో మళ్లీ వచ్చింది. ఈసారి పసిపిల్లలను ఎక్కువగా తీసుకుపోయింది. ఆ వ్యాధికి కారణం ఒక సూక్ష్మక్రిమి అని 1894 దాకా ఏ వైద్యునికీ తెలియదు. కాబట్టి ఆనాటివారు కూడా మనం అనుకున్నదే అనుకున్నారు. ఎవరి పాపమో ఇది! కొందరు గుంపులు గుంపులుగా ఊరూరా తిరుగుతూ తమ వీపులను తామే కొరడాలతో కొట్టుకున్నారు. మరికొందరు, యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు లేవదీసి, 1349 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బుర్గు పట్టణంలో వందలాది యూదులను తగలబెట్టారు. ఆరవ క్లెమెంటు పాపుగారు ఈ రెండింటినీ ఖండించారు. యూదులు కూడా అదే ప్లేగుతో చస్తున్నారు గదా అని వారు 1348లోనే అధికార పత్రం ద్వారా గుర్తు చేశారు. వినే చెవులు ఎక్కువ లేకపోయాయి. చూశారా, దేశం వేరు, కాలం వేరు, బాణామతి ఒక్కటే.

అలాంటి లోకంలో పెరిగిన జూలియానమ్మకు ముప్పై ఏళ్లు దాటిన తరువాత, 1373 మే నెలలో, ప్రాణాంతకమైన జబ్బు చేసింది. నాలుగో రాత్రి గురువులు వచ్చి అంత్య సంస్కారాలు ఇచ్చారు. తల్లి మంచం పక్కన ఉన్నది. చూపు మసకబారుతుంటే విచారణ గురువు ఆమె కళ్లెదుట సిలువ స్వరూపం పట్టుకున్నారు. ఆ సిలువను చూస్తూ ఉండగా ఆమెకు పదహారు దర్శనాలు కలిగాయి. ఆమె చావలేదు. లేచింది. చూసినది క్లుప్తంగా వ్రాసిపెట్టింది.

తరువాత ఆమె దేవాలయపు గోడను ఆనుకుని కట్టిన చిన్న గదిలో జీవితాంతం ఉండిపోయే ఏకాంతవ్రతం పట్టింది. అలాంటి గదులకు ఒక కిటికీ గుడిలోకి ఉండేది, దివ్యసత్ప్రసాదం స్వీకరించడానికి. మరొకటి బయటికి, కష్టం చెప్పుకోవడానికి వచ్చినవారితో మాట్లాడటానికి. లోకాన్ని వదిలి పారిపోయిన మనిషి అనడానికి లేదు. ఊళ్లో ఎవరింట ఏడుపున్నా ఆ రెండో కిటికీ దగ్గరికి వచ్చేది. 1413 ప్రాంతంలో మార్జెరీ కెంప్ అనే గృహిణి తన మనసులోని సందేహాలతో వచ్చి అక్కడ కూర్చున్న సంగతి తానే చెప్పి వ్రాయించుకున్నది.

ఆ దర్శనాలలో మొదటిది చాలామంది ఎరిగినదే. అరచేతిలో చిన్న గింజంత వస్తువు కనబడింది, రేగుపండంత అనుకోండి. సృష్టి యావత్తు అదేనని ఆమెకు తెలియజేయబడింది. దేవుడు దానిని చేశాడు, ప్రేమిస్తున్నాడు, కాపాడుతున్నాడు అని ఆమె గ్రహించింది. క్యాలెండర్ల మీద అచ్చువేయడానికి బాగుంటుంది గనుక దీనిని అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆమె బాధపడిన చోటు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

ఆ బాధ ఏమిటి? దర్శనాలలో ఆమె దేవుని ముఖంలో కోపం కోసం వెతికింది. కనబడలేదు. అటు తిరిగి చూసింది, ఇటు తిరిగి చూసింది. కోపం ఎక్కడా లేదు. దేవుడు ఒక్క క్షణం కోపగించినా మనకు ప్రాణమూ ఉండదు, నిలువ చోటూ ఉండదు అనే దాకా వెళ్లింది ఆమె ఆలోచన. మరి శ్రీసభ ఏమి చెబుతున్నది? పాపం నిజమనీ, పాపికి నింద తగులుతుందనీ చెబుతున్నది. తన మనస్సాక్షి కూడా అదే చెబుతున్నది. ఈ రెండింటిలో ఆమె దేనినీ వదులుకోదలచలేదు. శ్రీసభను తప్పుపట్టి తన దర్శనాన్ని నెత్తిన పెట్టుకోలేదు. దర్శనం భ్రమ అని చెప్పి తప్పుకోనూ లేదు. రెండూ పట్టుకుని దేవుని ఎదుట ఏడ్చింది. నాకు ఎవరు చెబుతారు, ఎవరు నేర్పుతారు అని మొరపెట్టుకున్నది. ఇంత నిజాయితీ మన ప్రార్థనల్లో ఎప్పుడో గాని కనబడదు.

జవాబుగా ఆమెకు ఒక కథ చూపబడింది. మొదట వ్రాసిన చిన్న పుస్తకంలో ఈ కథ లేదు. అర్థం కాక పక్కన పెట్టింది. సుమారు ఇరవై ఏళ్ల తరువాత, 1393 నాటికి గాని దానిని వ్రాసే ధైర్యం రాలేదు. పెద్ద పుస్తకంలో 51వ అధ్యాయం అదే. నా మాటల్లో చెబుతాను.

ఒక యజమాని కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదుట జీతగాడు నిలబడి ఉన్నాడు. యజమాని అతని వైపు ఎంతో ఆప్యాయంగా చూసి ఒక పని మీద పంపాడు. జీతగాడు నడిచి పోలేదు, పరుగెత్తాడు. యజమాని మీది ప్రేమ కొద్దీ, చెప్పిన పని త్వరగా చేయాలనే ఆత్రం కొద్దీ పరుగెత్తాడు. ఆ పరుగులో ఒక గోతిలో పడ్డాడు. బాగా దెబ్బలు తగిలాయి. మూలుగుతున్నాడు, లేవలేడు, కదలలేడు. అతని బాధల్లో పెద్ద బాధ ఏమిటో తెలుసా? తల తిప్పలేకపోవడం. యజమాని పక్కనే ఉన్నాడు, అతనినే చూస్తున్నాడు. కానీ పడినవాడు ఆ ముఖం చూడలేడు. తన నొప్పి మాత్రమే అతనికి కనబడుతున్నది. ఒంటరిని అనుకుంటున్నాడు.

జూలియానమ్మ ఆ జీతగాడిలో తప్పు ఏమైనా ఉన్నదా అని పరికించి చూసింది. యజమాని అతనిని నిందిస్తాడా అని చూసింది. నింద కనబడలేదు. పడటానికి కారణం అతని మంచి మనసే. యజమాని చూపులో జాలి ఉన్నది. ఆ జాలి వెనుక ఒక సంతోషం కూడా ఉన్నది, ఇంత బాధపడ్డవాడికి పడకముందు ఇవ్వదలచినదానికంటే ఎక్కువ ఇవ్వాలి అనే సంతోషం.

మన పల్లెల్లో జీతగాడు అనే మాటకు ఉన్న బరువు మీకు చెప్పనక్కరలేదు. తాత చేసిన అప్పుకు మనుమడు దొర ఇంట పశువులు కాసిన రోజులు పెద్దలకు గుర్తే. వెట్టిచాకిరీని చట్టం నిషేధించినది 1976లో. జీతగాడు పడితే ఆ రోజుల్లో మొదటి ప్రశ్న ఏమిటి? కుండ పగిలిందా, ఎద్దు కాలు విరిగిందా అని. తరువాత కదా మనిషి సంగతి! పోయినదాని విలువ వచ్చే ఏటి జొన్నల్లో కోసుకునేవారు. దేవుడు కూడా అలాంటి దొరే అని మనలో ఎంతమంది గుండెల్లో ఇంకా అనుకుంటున్నామో, పాపసంకీర్తనానికి వెళ్లడానికి వెనుకాడే ప్రతి ఒక్కరూ తమను తాము అడగవచ్చు.

జూలియానమ్మ చూసిన యజమాని ఎక్కడ కూర్చున్నాడో ఆమె ప్రత్యేకంగా వ్రాసింది. సింహాసనం మీద కాదు. నేలమీద. ఏ చెట్టూ చేమా లేని ఒట్టి బంజరు నేలమీద ఒంటరిగా కూర్చున్నాడు. ఎందుకలా? మానవుని ఆత్మను తన నివాసంగా, తన పట్టణంగా చేసుకోవాలని దేవుడు తలచాడట. మానవుడు పడిపోయాక ఆ పట్టణం పాడుబడింది. మరో ఇల్లు కట్టుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. తన కుమారుడు ఆ పట్టణాన్ని మళ్లీ నిలబెట్టే దాకా బంజరులోనే కాచుకుని కూర్చున్నాడు.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. పాత నిబంధన నిండా దేవుని కోపం ఉన్నది గదా, అదంతా ఏమైపోవాలి? జూలియానమ్మ దానిని కొట్టివేయలేదు. కోపం ఉన్నది నిజమే, కానీ అది మన వైపున ఉన్నది అన్నది. బెల్లం ముక్క దొంగిలించి తిన్న పిల్లవాడిని చూడండి. తండ్రి పొలం నుండి వచ్చి ఇంకా నోరు తెరవలేదు, కాళ్లు కడుక్కుంటున్నాడు. పిల్లవాడికి మాత్రం ఆ ముఖం ఉరిమినట్టు కనబడుతుంది. పాపం మన కంటికి చేసే పని అలాంటిది. పాపం చిన్నదని ఆమె ఎక్కడా అనలేదు. మనిషిని కొట్టే కొరడాలలో పాపాన్ని మించినది లేదన్నది. పశ్చాత్తాపం, కరుణ, దేవునికోసం ఆరాటం అనే మూడు మందులు వాడమన్నది. యేసు ప్రభువును తల్లి అని పిలిచింది. తల్లి బిడ్డను ఒక్కోసారి పడనిస్తుంది గాని చావనివ్వదని, దెబ్బ తగిలిన బిడ్డ తల్లి దగ్గర నుండి కాక తల్లి దగ్గరికే పరుగెత్తాలని వ్రాసింది.

రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. పడినవారందరూ ప్రేమతో పరుగెత్తి పడినవారేనా? నకిలీ విత్తనం అంటగట్టి నాలుగు ఊళ్ల పత్తి చేలను నాశనం చేసినవాడు ఏ ప్రేమతో పరుగెత్తాడు? వలస కూలీల ముందస్తు డబ్బులో సగం మింగిన ముకద్దము మాటేమిటి? దేవుని చూపులో నింద లేదని వీరు కూడా చెప్పుకుని నిద్రపోవచ్చునా? కూడదు. జూలియానమ్మ కథ గోతిలో పడినవాడిని గురించినది. ఇతరుల దారిలో గొయ్యి తవ్వినవాడికి అందులో సాకు దొరకదు. ప్రభువు జక్కయ్య ఇంటికి నింద లేకుండానే వెళ్లారు. అయితే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని లేచి నిలబడ్డాడు. దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని నిజంగా నమ్మినవాడి చేయి సంచిలోకి వెళుతుంది. ఆ గుర్తు లేని చోట నమ్మకం మాటవరసకే అని నా అభిప్రాయం.

ఇంక వాన సంగతి. ప్రభువునే శిష్యులు ఈ ప్రశ్న అడిగారు. పుట్టుగుడ్డివాడిని చూపించి, పాపం చేసినది వీడా, వీడి తల్లిదండ్రులా అన్నారు. ఇద్దరూ కాదన్నారు ప్రభువు. సిలోయములో బురుజు కూలి పద్దెనిమిది మంది చచ్చినప్పుడు కూడా, చచ్చినవారు యెరూషలేములోని మిగతావారికంటే పాపులు కారని చెప్పారు. ఇంత స్పష్టంగా చెప్పిన తరువాత కూడా, ఎండిన చేనును చూపి ఆ ఇంటివారి పాపాలు లెక్కపెట్టే అధికారం క్రైస్తవునికి ఎక్కడి నుండి వచ్చింది? మేఘాలు రావడం, రాకపోవడం గాలుల మీద, సముద్రపు వేడి మీద ఆధారపడి ఉంటుందని మన పిల్లలు బడిలో చదువుకుంటున్నారు. వానకోసం దేవుని అడగడం వేరు, తప్పక అడగాలి. వాన రానందుకు పొరుగువాడిని అనడం వేరు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి కష్టమైనది. అప్పులు తీరక తన ప్రాణం తానే తీసుకున్న రైతు ఇల్లు తెలంగాణలో ఏ మండలానికీ కొత్త కాదు. 1998లో వరంగల్లు పత్తి రైతుల చావులతో మొదలుకొని ఎన్ని ఇళ్లు చూశాము! అలాంటి ఇల్లు విచారణలో ఉంటే శవం లేవకముందే గుసగుసలు లేస్తాయి. మహాపాపం గదా, ఫాదర్ గారు పూజ చేస్తారా, సమాధి చోటు ఇస్తారా అని. 1917 నాటి శ్రీసభ చట్టసంహిత బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవారికి శ్రీసభ సమాధి క్రియలను నిరాకరించిన మాట నిజమే. 1983 చట్టసంహితలో ఆ నిషేధం లేదు. సత్యోపదేశ గ్రంథం 2282, 2283 సంఖ్యలు తెరిచి చదవండి. ప్రాణం దేవునిది గనుక ఆ పని ఘోరమైనదే. అయితే తీవ్రమైన మానసిక వేదన, భయం ఆ మనిషి బాధ్యతను తగ్గిస్తాయి. అతని రక్షణ విషయంలో మనం నిరాశ పడరాదు. శ్రీసభ అతనికోసం ప్రార్థిస్తుంది. ఇది మెత్తని మనసు గల ఒక గురువు సొంత అభిప్రాయం కాదు, శ్రీసభ బోధ. ఆ ఇంటి భార్యకు, బిడ్డలకు ఈ మాట ఎవరైనా వెళ్లి చెప్పారా?

జూలియానమ్మ కథలో జీతగాడి పెద్ద బాధను మరోసారి గుర్తు చేసుకోండి. తల తిప్పలేకపోయాడు. అప్పుల్లో కూరుకున్న మనిషి పరిస్థితి అచ్చంగా అదే. ఫెర్టిలైజర్ దుకాణం ముందు నుండి పోలేక సందు తిరిగి పోతాడు. ఆదివారం గుడికి రావడం మానేస్తాడు, వస్తే వెనుక నిలబడి ముందే వెళ్లిపోతాడు. దేవుడు దగ్గరే ఉన్నాడని అతనికి ఎంత గట్టిగా ప్రసంగించినా ఏమి లాభం? అతను అటు తిరిగి చూడలేని స్థితిలో ఉన్నాడు గదా! అతను చూడగలిగిన వైపుకు ఎవరో ఒకరు వెళ్లి కూర్చోవాలి. నింద లేని ముఖం ఒకటి అతని కంటికి అందేంత దగ్గరగా, నేలమీదే కూర్చోవాలి. ఉపదేశి కావచ్చు, మఠకన్య కావచ్చు, పక్కింటి మరియమ్మ కావచ్చు. మన విచారణల్లో పేరుకు భక్తసంఘాలు చాలానే ఉన్నాయి. నవంబరులో, డిసెంబరులో, పంట చేతికి రాలేదని తేలిపోయే ఆ రోజుల్లో, ఎవరింటికి వెళ్లాలో ఆ సంఘాలకు తెలియకపోదు.

జూలియానమ్మకు ఆ కథలో చాలాకాలం అంతుపట్టనిది ఒకటి ఉన్నది. జీతగాడు ఎవరు? ఆదాము అనుకుంటే కొన్ని సంగతులు సరిపోయాయి, కొన్ని సరిపోలేదు. కథలోని ప్రతి చిన్న సంగతినీ, నిలబడిన తీరునూ బట్టల రంగునూ కూడా మళ్లీ మళ్లీ చూడు అని ఆమెకు లోపల బోధ కలిగింది. అలా చూస్తూ ఉండగా తెలిసింది. జీతగాడు ఆదాము, అంటే మనమందరమూ. అతడే క్రీస్తు ప్రభువు కూడా. ఆదాము గోతిలో పడినప్పుడు దైవకుమారుడు కూడా అతనితో పాటు దిగారు, కన్య మరియమాత గర్భంలోకి. తండ్రి కన్నులకు ఇద్దరూ ఒక్కరుగా కనబడుతున్నారు గనుక, మనలను చూసే ఆ చూపులో నిందకు చోటు దొరకలేదు.

ఆ జీతగాడు కట్టుకున్న బట్టను ఆమె వర్ణించింది. ఒంటిమీద ఒకే ఒక్క తెల్లని అంగీ. పాతది, పొట్టిది, చెమటతో మరకలు కట్టినది, రేపో మాపో చిరిగి పీలికలయ్యేది. ఇంతకీ యజమాని అతనిని పంపిన పని ఏమిటి? తోటపని. నేల తవ్వాలి, కాలువలు తీయాలి, మట్టి కిందిది పైకి, పైది కిందికి తిరగవేయాలి, వేళకు మొక్కలకు నీళ్లు కట్టాలి, పండినది యజమానికి వడ్డించాలి. ఆ యజమాని దగ్గర తినడానికి ఏమీ కనబడలేదని జూలియానమ్మ ఆశ్చర్యపోయింది. ఆయన కోరుకున్న ఆహారం ఆ నేలలోనే ఉన్నది. జీతగాడు తవ్వి తెచ్చే దాకా ఆయన ఎదురు చూస్తూ కూర్చున్నాడు.